తెల్ల సగం

చావు కబురు ఊళ్ళోకి చేరేలోపే హెస్టర్ రెన్విక్ రంగుల కొట్టుకు చేరింది. అది అక్కడి రివాజు. స్కెల్‌బెక్ దొరల ఇంట్లో ఎవరు కన్ను మూసినా ముందు పాదిరిగారికి, తరువాత వడ్రంగికి, ఆ వెంటనే రెన్విక్‌లకు చెప్పి పంపాల్సిందే. శవపేటిక సంగతి వడ్రంగి చూసుకుంటాడు, స్వర్గం సంగతి పాదిరిగారు చూసుకుంటారు. ఇంటి గుమ్మం మీద ఏడాది పాటు వేలాడే చావుపలక మాత్రం రెన్విక్‌లే రాయాలి. మూడు తరాలుగా అంతే. మొగుడు పోయి తొమ్మిదేళ్ళయినా హెస్టర్ ఆ కుంచెలు ఎవరి చేతికీ ఇవ్వలేదు.

కబురు తెచ్చినవాడు దొరగారి దివాను ఆంక్రమ్. మనిషి సన్నం, గొంతు ఇంకా సన్నం.

“గాడ్‌ఫ్రీ దొరగారు పోయారు, మిసెస్ రెన్విక్. ఏరు దాటుతుంటే గుర్రం తొట్రుపడింది. తల రాతికి తగిలింది. అక్కడికక్కడే,” అన్నాడు. “గురువారం అంత్యక్రియలు. పలక అప్పటికి కావాలి. వెనక రంగు మొత్తం నలుపు.”

హెస్టర్ చేతిలోని కుంచె ఆగిపోయింది. “మొత్తమా?”

“పెళ్ళికాని దొరకు మొత్తం నలుపే కదమ్మా. మీ పని మీకు నేను నేర్పాలా?”

నేర్పక్కర్లేదు. పలకను మూల మీద నిలబెట్టి తగిలిస్తారు. నడుమ వంశపు డాలు, నీలం మీద మూడు వెండి కొంగలు. దానిపైన దొరతనపు కిరీటం. కింద లాటిన్‌లో ‘మళ్ళీ లేస్తాను’ అనే మాట. ఇవన్నీ తరతరాలకూ ఒకటే. మారేదల్లా డాలు వెనకున్న రంగు. చూసేవాళ్ళకు ఎడమ సగం మొగుడిది, కుడి సగం పెళ్ళానిది. పోయినవాళ్ళ సగం నలుపు, బతికున్నవాళ్ళ సగం తెలుపు. పెళ్ళాన్ని వదిలి దొర పోతే కుడి సగం తెల్లగా ఉండాలి. ఇద్దరూ పోతే మొత్తం నలుపు. అసలు పెళ్ళే కాకపోయినా మొత్తం నలుపే. అక్షరం ముక్క రాని గొర్రెల కాపరి కూడా గుమ్మం వంక ఒక్క చూపు చూసి ఆ ఇంట్లో విధవరాలుందో లేదో చెప్పేస్తాడు.

గాడ్‌ఫ్రీ దొరకు పెళ్ళయింది. ఆ ముక్క తెలిసినవాళ్ళు భూమ్మీద ఇప్పుడు ఇద్దరే ఇద్దరు. అందులో ఒకతె హెస్టర్.

పోయిన జూన్‌లో ట్వీడ్ వంతెనకు అవతలి కొసన, అంటే స్కాట్లాండ్ గడ్డ మీద, సుంకాల గుడిసెకు కొత్త పలక రాస్తూ ఆమె నిచ్చెన మీద ఉంది. కింద బండి ఆగింది. దొర దిగి, చెయ్యిచ్చి ఐలీని దింపాడు. ఏట్లో సాల్మన్ చేపలకు వలలు వేసి బతికిన పర్వ్స్ కూతురు ఐలీ. అవతలి చట్టంలో పెళ్ళికి చర్చీ అక్కర్లేదు, పాదిరీ అక్కర్లేదు. ఇద్దరు సాక్షుల ఎదుట ఈమె నా భార్య అని ఆయనా, ఈయన నా భర్త అని ఆమే అంటే చాలు.

“మిసెస్ రెన్విక్, కాస్త కిందికి దిగుతారా? మాకో సాక్షి తక్కువయ్యాడు,” అన్నాడు దొర నవ్వుతూ.

చేతులకు ఆకుపచ్చ రంగుతోనే దిగింది. రెండో సాక్షి సుంకాల ముసలాయన. మొన్నటి చలికాలం కలరాలో ఆయన పోయాడు. దొరేమో వేసవి వెళ్ళాక అందరికీ చెబుతానన్నాడు, తరువాత క్రిస్మస్ అన్నాడు, ఆ తరువాత వసంతం అన్నాడు. గుర్రాన్ని ఏట్లోకి దూకించడానికి లేని జంకు తమ్ముడితో ఒక్క మాట చెప్పడానికి వచ్చింది మహానుభావుడికి! ఇప్పుడు ఐలీకి ఏడో నెల. ఆ బిడ్డ మగబిడ్డయితే ఏడో స్కెల్‌బెక్ దొర. మగబిడ్డ కాకపోయినా, అసలు బిడ్డే లేకపోయినా, దొరతనం తమ్ముడు ఆంబ్రోస్‌కు. రాజుగారిచ్చిన పట్టాలో అంతే ఉంది, పెళ్ళి చేసుకున్న భార్యకు పుట్టిన మగ సంతానానికే దొరతనమని.

మరునాడు పొద్దున హెస్టర్ కిరీటం కొలతలు చూసుకోవడానికి చర్చికి వెళ్ళింది. ఉత్తరపు గోడ మీద, గుమ్మాల మీద ఏడాది తిరిగాక చర్చికి చేరిన ఐదు పలకలు. ఆ వంశం కథంతా ఆ గోడ మీదే ఉంది, చదవడం తెలియాలి గానీ. మొదటి దొర పార్లమెంటు పక్షాన ప్రమాణం చేసి, ఆ తెల్లవారే రాజు సైన్యానికి ఊరి తలుపు తెరిచాడు. ఆ పుణ్యానికే ఈ దొరతనం. పలకల్లో కిరీటం పైన తెరిచిన తలుపు బొమ్మ ఉంటుంది, సిగ్గుపడాల్సిన దాన్ని బంగారు రేకుతో అలంకరించుకున్నారు. రెండో దొర తాగి పోయాడు. మూడో దొర ముగ్గురు భార్యలను పూడ్చిపెట్టి తొంభై ఏళ్ళు బతికాడు. నాలుగో దొర ఇరవై ఆరేళ్ళకే జ్వరంతో పోయాడు, భార్యా పసిబిడ్డా ఆ ఏడాదే పోయారు. తమ్ముడు ఐదో దొరయ్యాడు. ఆ ఐదో దొర కొడుకులే గాడ్‌ఫ్రీ, ఆంబ్రోస్.

నాలుగో పలక రాసింది హెస్టర్ మామగారు, ముసలి మాథ్యూ రెన్విక్. వెనక రంగు మొత్తం నలుపు. అయితే కుడి సగంలో ఆ నలుపు బీటలు వారి, సందుల్లోంచి తెలుపు కనిపిస్తుంది. ఎడమ సగం మాత్రం ఇప్పటికీ అద్దంలా ఉంది. “మా నాన్న జన్మకల్లా చేసిన ఒకే ఒక్క చెత్త పని ఇదే,” అని హెస్టర్ మొగుడు చూసినప్పుడల్లా నవ్వేవాడు. తెల్ల సగం వేసిన ఏడాదే భార్య కూడా పోతే పైన నల్ల రంగు పూసి ఉంటాడు, తొందరపడి ఉంటాడు, అంతేగా అనుకునేది హెస్టర్. ఆ రోజూ అలాగే అనుకుని, కొలతలు రాసుకుని వచ్చేసింది.

మధ్యాహ్నం ఐలీ వచ్చింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది. శాలువ కింద కడుపు దాచుకుంటూ బల్ల చివర కూచుంది. బల్ల మీద డాలు అప్పటికే పూర్తయింది, వెనక మాత్రం ఉత్త చెక్క.

“నల్లగానే వేసెయ్యండమ్మా,” అంది.

“ఏంటే?”

“మొత్తం నలుపే వేసెయ్యండి. ఐమత్‌లో మా మేనత్త ఉంది, అక్కడికి పోతా. మొగుళ్ళు సముద్రంలో పోయినవాళ్ళు ఆ ఊరినిండా ఉన్నారు. ఇంకొకత్తి వచ్చిందని ఎవరడుగుతారు?”

“పిచ్చి పిల్లా! నీ కడుపులో ఉన్నది ఎవరనుకున్నావ్?”

“నా బిడ్డ.”

“మగపిల్లాడైతే ఏడో దొర!”

“ఆ ఆరుగురూ ఏం సుఖపడ్డారనమ్మా, ఏడోవాడు సుఖపడ్డానికి?”

హెస్టర్‌కు ఒళ్ళు మండింది. తనేదో మేలు చేయబోతుంటే ఈ పిల్ల కాలితో తన్నేస్తున్నట్టు అనిపించింది.

“చూడు, నలభై ఏళ్ళ నుంచి ఈ కొట్లో ఉన్నా. మా మామగారు అబద్ధపు పలక రాయలేదు, మా ఆయన రాయలేదు. పెళ్ళాం బతికుండగా లేదని నా చేత్తో రాయమంటావా? నేనేగా సాక్షిని! రేపు దేవుడడిగితే ఏం చెప్పను?”

“దేవుడు తరవాత. ముందు ఆంబ్రోస్ దొర ఉన్నాడు కదా. మా ఆయనకే ఆయనంటే భయంగా ఉండేది. ‘మా తమ్ముడు కోపమొస్తే అరవడు, నవ్వుతాడు’ అనేవారు.”

“నవ్వనీ! గురువారం జిల్లాలో ఉన్న దొరలంతా ఆ గుమ్మం కిందే నడిచి వస్తారు. అందరూ పలక చదవగలిగినవాళ్ళే. వాళ్ళ కళ్ళబడ్డాక కాదనడం ఎవరి తరం? నువ్వు చాటున ఉన్నన్నాళ్ళే నీకు భయం. నలుగురిలో పడ్డాక నీ వెంట్రుక కూడా ఎవడూ తాకలేడు.”

ఐలీ ఆ ఉత్త చెక్కను అరచేత్తో ఒకసారి నిమిరింది. “మీ ఇష్టం అమ్మా. చూసింది మీరేగా,” అని లేచింది.

ఆ మాటకు హెస్టర్ ఎంత పొంగిపోయిందో చెప్పలేం. తెల్లపొడి సఫేదాను అవిసె నూనెతో మెత్తగా నూరి, కుడి సగం రెండు పూతలు పూసింది. తన జీవితంలో అంత చక్కని తెలుపు ఎన్నడూ వేయలేదు.

గురువారం తనే నిచ్చెనెక్కి పలకను గుమ్మం మీద తగిలించింది. పైన గుడ్డ కప్పి ఉంచి, మొదటి బండి ఆగాక లాగేసింది. నల్ల శాలువల్లో, నల్ల చేతితొడుగుల్లో జనం తలలెత్తారు. అప్పుడొక ముసలి కౌంటెస్, చెవుడు వల్ల గొంతు పెద్దది చేసి, మెట్ల మీదున్న తమ్ముణ్ణి పట్టుకుని అడిగేసింది.

“ఆంబ్రోస్! మీ వదినగారేరీ? మాకెవరూ చెప్పలేదే!”

ఆంబ్రోస్ పైకి చూశాడు. నల్ల సగం చూశాడు, తెల్ల సగం చూశాడు. తరువాత నవ్వాడు.

“ఆవిడకు ఒంట్లో బాగోలేదండీ. దుఃఖం. పైగా వట్టి మనిషి కాదు,” అన్నాడు తడుముకోకుండా.

గాలిలో వేసిన బాణమో, ముందే ఏదైనా విన్నాడో దేవుడికే తెలియాలి. పూడ్చడం ముగిసి బండ్లు కదిలాక నిచ్చెన దగ్గరికి తనే నడిచి వచ్చాడు. హెస్టర్ తల దించలేదు.

“ఎవరు?” అన్నాడు.

“ఐలీ పర్వ్స్, దొరా. వంతెన దగ్గర పెళ్ళయింది. సాక్షిని నేనే. ఏ కోర్టులోనైనా చెబుతాను.”

“కోర్టులెందుకు? మా అన్న రక్తం అనాథలా పెరుగుతుందా? ఎక్కడుంటుంది?”

“ఏటి ఒడ్డున, వలల పాకల దగ్గర.”

“ఎన్నో నెల?”

“ఏడు.”

“ఏడు,” అన్నాడు నెమ్మదిగా. “మంచి పని చేశావు, మిసెస్ రెన్విక్.”

ఆ సాయంత్రమే రెండు గుర్రాల బండి పాకల దగ్గరికి వెళ్ళింది. ఊరు ఊరంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. దివాను ఆంక్రమ్ టోపీ తీసి, దొరసానీ అని వంగి, ఐలీని బండెక్కించాడు. హెస్టర్ కళ్ళు తుడుచుకుంది. ఐలీ కిటికీలోంచి చెయ్యి చాపి ఆమె వేళ్ళు గట్టిగా పట్టుకుంది.

“ఐమత్‌కి ఒక ముక్క రాయండమ్మా, మా అత్తకి. నేను ఫలానా ఇంట్లో ఉన్నానని. వచ్చి నా దగ్గరుండమని.”

“రాస్తాలేవే, రేపే రాస్తా,” అంది హెస్టర్.

రాయలేదు. మరచిపోయిందని చెబితే అబద్ధం. చేపల బుట్ట మోసే అత్త ఆ మెట్లెక్కి వస్తే కొత్త దొరసానికి ఎంత నామోషీ అనుకుంది. అదీ సంగతి.

తరువాతి వారాల్లో ఊళ్ళో హెస్టర్ పరపతి పెరిగింది. రొట్టెల కొట్లో జనం పక్కకు జరిగి దారిచ్చారు. పాదిరిగారి భార్య టీకి పిలిచింది. “దొరలకే దొరసానిని తెచ్చిపెట్టిందిరా ఈ రంగులావిడ!” అని సారాకొట్టు ముందు కూచున్నవాళ్ళు నవ్వారు. రెండుసార్లు పెద్దింటికి వెళ్ళింది ఐలీని చూద్దామని. రెండుసార్లూ తలుపు దగ్గరే ఆపేశారు. దొరసానిగారు తూర్పు గదుల్లో విశ్రాంతిలో ఉన్నారు, డాక్టరుగారు ఎవరినీ చూడొద్దన్నారు, అని. ఆ డాక్టరు ఊరివాడు కాదు, ఆంబ్రోస్ దొర వెంట లండన్ నుంచి వచ్చినవాడు. హెస్టర్ గేటు దాకా వెనక్కి నడిచి తిరిగి చూసింది. గుమ్మం మీద తెల్ల సగం ఎండలో మెరుస్తోంది. అదున్నంత కాలం ఫరవాలేదనుకుని ఇంటికి వచ్చేసింది.

మే నెలలో ఒక శుక్రవారం పొద్దున, కొట్టు ముందు బండి ఆగింది. ఆంక్రమ్ దిగాడు. గోనెలు తొలగించి చావుపలకను లోపలికి మోయించి బల్ల మీద పెట్టించాడు.

“కుడి సగం నలుపు చెయ్యాలమ్మా,” అన్నాడు.

హెస్టర్‌కు కోపం నషాళానికంటింది. “అనుకున్నా! పిల్లని ఇంట్లో పెట్టుకుని మాటలతో మభ్యపెట్టి, ఇప్పుడు పెళ్ళే కాలేదంటారా? ఛస్తే వెయ్యను! పొండి, మీ దొరకి చెప్పండి. నేను బతికున్నన్నాళ్ళూ ఆ సాక్ష్యం బతికే ఉంటుంది. బతికున్న మనిషి సగం మీద మసి పుయ్యడానికి—”

“అబద్ధం రాయమనట్లేదమ్మా,” అన్నాడు ఆంక్రమ్, ఆమె కళ్ళలోకి చూడకుండా. “మీ నియమం ప్రకారమే. ఇద్దరూ పోతే మొత్తం నలుపే కదా.”

హెస్టర్ ముక్కాలిపీట తడుముకుని కూచుంది.

“ఎప్పుడు?”

“మంగళవారం. పురిట్లో. తెల్లారకముందే పోయారు.”

“బిడ్డ?”

“మగబిడ్డ. కడుపులోనే పోయింది. ఊపిరి తియ్యలేదు.” ఆయన టోపీ అంచును వేళ్ళతో తిప్పుతూ ఉన్నాడు. ముసలి మొహం పాలిపోయి ఉంది, కళ్ళ కింద నల్లగా చారలు. “నాక్కూడా ఒంట్లో బాలేదు. రెండు రోజులుగా ఇంట్లో ఎవరికీ కునుకు లేదు. నిన్నటిదాకా ఆ ఏడుపు...”

“ఎవరి ఏడుపు?”

ఆంక్రమ్ టోపీ తిప్పడం ఆపాడు. “తల్లిది,” అన్నాడు.

“తల్లి మంగళవారం పోయిందన్నారు కదా.”

ఆంక్రమ్ గుమ్మం దాకా వెళ్ళి, బల్ల వైపు వీపు పెట్టి, అప్పజెప్పిన పాఠంలా గబగబా అనేశాడు: “దొరవారు మీకు కృతజ్ఞతలు చెప్పమన్నారు. మీరా తెలుపు వెయ్యకపోయి ఉంటే ఆవిడొకతె ఉందనే మాకెవ్వరికీ ఎన్నటికీ తెలిసేది కాదట. పలక రేపటికి కావాలన్నారు.”

బండి వెళ్ళిపోయింది.

ఎవరితో చెప్పుకోవాలి? జిల్లా మేజిస్ట్రేటు ఆంబ్రోస్ దొరే. డాక్టరు ఆయన మనిషి. ఊపిరి తియ్యని బిడ్డకు పేరుండదు, చర్చి పుస్తకంలో పుటక ఉండదు. రెండు రోజులు ఏడ్చి ఊరుకున్న ఆ పసివాడు రెండు రోజుల పాటు స్కెల్‌బెక్ ఏడో దొర. ఆ మాట ఎక్కడా రాసి ఉండదు. ఇప్పుడీ సగం నలుపు చేస్తే, పెళ్ళాం కూడా పోయిందన్న నిజమూ, అసలు పెళ్ళే కాలేదన్న అబద్ధమూ రెండూ ఒకే రంగులో కలిసిపోతాయి. ఇరవై ఏళ్ళు పోతే ఆ గోడ ముందు నిలబడినవాడు బ్రహ్మచారి దొర అనుకుని ముందుకు వెళ్ళిపోతాడు.

హెస్టర్ లేచి శాలువ కప్పుకుని చర్చికి వెళ్ళింది. బెంచీ ఎక్కి నాలుగో దొర పలక ముందు నిలబడింది. బీట పక్కన లేచిన నల్ల పెచ్చును గోటితో నెమ్మదిగా ఎత్తింది. కింద తెలుపు నున్నగా, రెండు పూతలు పూసి, శ్రద్ధగా ముగించిన తెలుపు. దాని మీద నలుపు మాత్రం నూనె చాలని రంగు. కింది పూత పచ్చిగా ఉండగానే పైన పొడి రంగు పులిమితే ఎప్పటికైనా పగిలి తీరుతుందని కుంచె పట్టిన మొదటి నెలలోనే ఎవరికైనా నేర్పుతారు. హెస్టర్‌కు నేర్పింది ఆ మామగారే. బండి చక్రానికి రంగు వేసినా పదిసార్లు చూసుకునే మనిషి. ఆయనకు తొందరా? ఆయనది చెత్త పనా?

ఎడమ సగం అద్దంలా ఉంది. కుడి సగం ఒక్కటే పగిలింది. నాలుగో దొర భార్యా పసిబిడ్డా పోయాక దొరయింది కూడా తమ్ముడే.

ఇన్నేళ్ళుగా ఆ పలక కింద నిలబడి కొలతలు రాసుకుంది. మొగుడితో కలిసి నవ్వింది. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళు ఎవరైనా చదవకపోతారా అని ముసలాయన అక్కడ పెట్టి పోయిన మాటను ఒక్కసారి, ఒక్కసారి చదివి ఉంటే, ఐలీ ఇవాళ ఐమత్‌లో బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఉండేది. హెస్టర్ బెంచీ మీదే కూలబడి, గుప్పిట నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

కొట్టుకు వచ్చాక తెలుపు మీద వేలు పెట్టి చూసింది. పైకి ఆరింది గానీ లోపల ఇంకా మెత్తగానే ఉంది. దీపపు మసిలో చారెడు నూనెకు బదులు నాలుగు చుక్కలు వేసి నూరింది. పైనుంచి కింది దాకా, ఒకే పూత, ఒక్క చార కూడా కనబడకుండా వేసింది. చూసేవాళ్ళకు కాటుకలా నిగనిగలాడింది. రేపు ఆంక్రమ్ మెచ్చుకునే తీసుకెళ్తాడు. పగలడానికి ముప్ఫై ఏళ్ళు పట్టవచ్చు, ఇంకా ఎక్కువే పట్టవచ్చు. అప్పటికి తను ఉండదు. కుంచె పట్టినవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరైనా మిగులుతారో లేదో కూడా తెలియదు.

కుంచెలు కడిగింది. చేతులు కడుక్కుంది. గోళ్ళ సందుల్లో మసి మాత్రం పోలేదు. అలాగే బల్ల ముందు కూచుని, కాగితం తీసుకుని, ఐమత్‌లో ఉన్న ఐలీ మేనత్తకు ఉత్తరం రాసింది.